పాత కలప సామాను కొనేటప్పుడు రంగును, నిగ్గును పరిశీలించడం ఎలా

పాత టేకు భోషాణాన్నో, రోజ్‌వుడ్ బల్లనో కొనడానికి వెళ్ళినవారు ముందుగా చెక్కడపు పనిని, తరువాత గట్టితనాన్ని, ఆపైన ధరను చూస్తారు. పైపొర రంగు ఎలా ఉన్నా, ఇంటికి తెచ్చాక పాలిష్ చేయిస్తే సరిపోతుందని అనుకుంటారు. ఈ క్రమాన్ని పూర్తిగా తిరగవేయాలని నా అభిప్రాయం. విరిగిన కాలిని మంచి వడ్రంగి మళ్ళీ చేసి పెట్టగలడు, వదులైన కుసిని (తొలిలో దూరే చెక్క కొసను) బిగించగలడు, పోయిన ఇత్తడి గుబ్బకు జతను పోతపోయించగలడు. కానీ వెలుతురు, గాలి, చేతి చెమట, దీపపు మసి, రోజూ తుడిచిన గుడ్డ కలిసి మూడు నాలుగు తరాల కాలంలో చెక్క మీద ఏర్పరచిన పొర ఒక్క పూట ఉప్పుకాగితం కిందికి వెళితే, దానిని తిరిగి తేగల పనివాడు ఎక్కడా దొరకడు. పాత సామాను వ్యాపారంలో పాటినా అని పిలిచే నిగ్గు ఇదే. కొనేవాడు ధర చెల్లించవలసింది మొదట దీనికి.

నిగ్గును గుర్తించడానికి పెద్ద నైపుణ్యం లేకపోయినా ఒక అలవాటు కావాలి. వస్తువు మీద ఎక్కడ రంగు మారినా, ఎక్కడ నునుపు పెరిగినా, ఎక్కడ మచ్చ కనిపించినా దానికి కారణమేమిటని అడగాలి. నిజంగా వాడుకలో పాతబడిన వస్తువు ఈ ప్రశ్నకు చోటు చోటునా సమాధానం చెబుతుంది. పాతదిగా కనిపించేటట్లు తయారుచేసిన వస్తువు మాత్రం రెండు మూడు ప్రశ్నలకే తడబడుతుంది.

ఏ చెక్క ఎలా మారుతుంది

ముందుగా తెలుసుకోవలసిన విషయం ఏమిటంటే, కాలం గడిచినకొద్దీ చెక్కలన్నీ నల్లబడవు. టేకు చేవను కొత్తగా కోసినప్పుడు బంగారు ఛాయలో, ఒక్కొక్కసారి కొద్దిగా పచ్చదనంతో ఉంటుంది. గాలి, వెలుతురు తగిలేకొద్దీ తేనెరంగు మీదుగా నిండు గోధుమరంగుకు చేరుతుంది. ఆ టేకే ఎండా వానలకు గురైతే బూడిదరంగుకు తిరుగుతుంది. పనస చెక్కలో మార్పు మరింత స్పష్టంగా కనిపిస్తుంది: కోసిన నాడు పసుపుపచ్చగా ఉండే చెక్క కొన్ని దశాబ్దాలకు మహాగనిని తలపించే ఎర్రగోధుమరంగుకు వస్తుంది. మన అడవుల్లో ఇరుగుడు, జిట్రేగి అని పిలిచే రోజ్‌వుడ్ దీనికి విరుద్ధం. అది కొత్తలో ఊదాగోధుమ ఛాయలో నల్లని చారలతో ఉండి, కిటికీ వెలుతురు పడే చోట ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసి, మెత్తని బంగారు గోధుమరంగుకు దిగుతుంది. మహాగనిని గాలి ముదురుగా మారుస్తుంది, నేరుగా పడే ఎండ వెలిసిపోయేటట్లు చేస్తుంది. అందువల్ల ఒకే మహాగని బీరువాలో కిటికీ వైపు పక్కపలక లేత రంగులో, గోడ వైపు పక్కపలక ముదురు రంగులో ఉండడం లోపం కాదు. ఆ వస్తువు చాలాకాలం ఒకే గదిలో, ఒకే చోట నిలిచిందనడానికి అది గుర్తు.

కనుక నల్లగా ఉన్నదల్లా పాతదనే నమ్మకాన్ని ముందే వదులుకోవాలి. ఊదారంగు మీద నల్లచారలు కొత్తదానిలా కొట్టొచ్చినట్లు కనిపిస్తున్న రోజ్‌వుడ్ బల్లను నూటయాభై ఏళ్ళ నాటిదని ఎవరైనా చెబితే, ఇటీవల చిత్రిక పట్టారా, ఇన్నేళ్ళూ వెలుతురు తగలని చోట ఉందా, అసలు కొత్తదేనా అని అడగడం న్యాయమే. సొరుగు బయటికి లాగి లోపలి అంచును, గుబ్బ విప్పి దాని కింది చెక్కను చూస్తే వెలుతురు తగలని అసలు రంగు తెలుస్తుంది. ఆ రంగుకూ బయటి రంగుకూ మధ్య ఉన్న దూరమే ఆ వస్తువు ఎన్నాళ్ళుగా వెలుతురులో ఉందో అంచనా కట్టడానికి కొలబద్ద.

మన ప్రాంతంలో దొరికే పాత సామానులో ఎక్కువ భాగం టేకు. గోదావరి పరీవాహక అడవుల టేకు తెప్పలుగా రాజమండ్రికి దిగేది. పంతొమ్మిదో శతాబ్దంలోనూ, ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలోనూ రంగూను, మౌల్మీన్ రేవుల నుంచి బర్మా టేకు బంగాళాఖాతం మీదుగా తూర్పు తీరానికి వచ్చేది. చెక్కను చూసి ఇది బర్మాది, ఇది గోదావరిది అని ఖచ్చితంగా చెప్పడం అనుభవజ్ఞులకూ సులభం కాదు. అందువల్ల బర్మా టేకు అనే మాటకు విడిగా ధర కట్టవద్దు. ఎదుట కనిపిస్తున్న చేవకు, నిగ్గుకు మాత్రమే కట్టండి.

వెలుతురు, చూపు, చేయి

దుకాణంలోని పసుపు బల్బుల కింద ఏ చెక్క అయినా అందంగానే కనిపిస్తుంది. వస్తువును పగటి వెలుతురులోకి తెప్పించి చూడండి. బయటికి తేలేనంత బరువైతే తలుపులు తెరిపించి, ఉదయం పూట చూడండి. మొదట నాలుగడుగుల దూరంలో నిలబడి మొత్తం రంగును చూడాలి, తరువాత చెక్కకు దాదాపు సమానమైన ఎత్తుకు కన్ను తెచ్చి, ఏటవాలుగా పడే వెలుతురులో ఉపరితలం పొడవునా చూడాలి. చేతి చిత్రికతో చదును చేసిన బల్ల మీద అతి స్వల్పమైన ఎగుడుదిగుళ్ళు అలల్లాగా కనిపిస్తాయి. యంత్రంతో చదును చేసిన బల్ల అద్దంలా సమంగా ఉంటుంది, లేదా సన్నని సమాంతర గీతలతో ఉంటుంది. ఆ తరువాత కళ్ళు మూసుకొని అంచుల మీద చేయి పోనివ్వాలి. దశాబ్దాల వాడుకతో అరిగిన అంచు ఎక్కడా కోసినట్లు తగలదు, కానీ అంతటా ఒకే విధంగా గుండ్రబడి కూడా ఉండదు. చేయి ఎక్కువగా పడే చోట మెత్తగా, పడని చోట దాదాపు పదునుగా ఉంటుంది.

నిగ్గు లోతుగా కనిపించడానికి ఒక కారణముంది. పాత లక్క పాలిష్, మైనం, నూనె, దుమ్ము, చేతి జిడ్డు పొరలు పొరలుగా పేరుకొని ఒకదానిలో ఒకటి కలిసిపోయి, కింద స్వయంగా రంగు మారిన చెక్క మీద నిలుస్తాయి. వెలుతురు ఆ పొరల గుండా లోపలికి వెళ్ళి, చెక్క నారల మీద పడి తిరిగి వస్తుంది. కొత్తగా రంగు కలిపి కొట్టిన వార్నిష్ వెలుతురును పైనుంచే తిప్పికొడుతుంది. అందుకే అది మెరుస్తుంది గాని, దానికి లోతు ఉండదు. రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఒక్క పూటలో కంటికి అలవాటవుతుంది. ఆ అవకాశం కోసం హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియం వంటి చోట ఒక రోజు గడిపి, సేకరణలోని బల్లలను, కుర్చీలను రూపం కోసం కాక పైపొర కోసం చూసి రావడం కొనుగోలుకు ముందు చేయదగిన పని.

వాడుక ఎక్కడెక్కడ గుర్తు వదులుతుంది

ఇది ఓపికగా నేర్చుకోవలసిన భాగం, ఎందుకంటే ప్రతి వస్తువుకూ దాని వాడుకను బట్టి వేరు వేరు గుర్తులుంటాయి. భోషాణాన్ని తీసుకుందాం. మన ఇళ్ళలో అది పెట్టె మాత్రమే కాదు, మీద కూర్చునే అరుగు, రాత్రికి పడుకునే మంచం కూడా. అందువల్ల మూత నడిమి భాగం, ముందు అంచు నునుపుదేరి ఉండాలి. గోడ వైపు అంచు అంతగా అరగకూడదు. ముందు పలకలో గొళ్ళెం వేలాడే చోట, అది ఏళ్ళ తరబడి ఊగి గీసిన విల్లు ఆకారపు గీత ఉండాలి. ఆ గీత చాలా పాతదైతే దానిలోనూ జిడ్డు చేరి నల్లబడి ఉంటుంది. గీత లోపల లేతరంగు చెక్క కనిపిస్తే అది నిన్న మొన్నటిది. కింది అంచున కాళ్ళు తగిలిన దెబ్బలుంటాయి. కడప రాతి నేలలను రోజూ కడిగిన ఇళ్ళలోని వస్తువులైతే కాళ్ళ అడుగున ఒకటి రెండు అంగుళాల ఎత్తు వరకు తడి ఎక్కిన ముదురు చార కనిపిస్తుంది. వెనుక పలక మీద సున్నపు చుక్కలు తరచుగా ఉంటాయి, పండుగలకు గోడలకు సున్నం వేసినప్పుడు బరువైన పెట్టెను ఎవరూ కదిలించరు గనుక. పూజలందుకున్న పెట్టెకు పసుపు కుంకుమల ఎర్రని ఛాయ మూత అంచున, తాళం చుట్టూ ఉన్న సందుల్లో మిగులుతుంది. వీటిని మరకలుగా భావించి కడిగించే వారిని చూస్తే నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ పెట్టె ఏ ఇంట్లో ఎలా బతికిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

పడక కుర్చీలో చూడవలసినవి చేతుల చివరలు, తల ఆనే చోటు. అరచేయి పట్టు పడే చోట చెక్క ముదిరి, గాజులా నునుపెక్కుతుంది. తలకు రాసుకున్న కొబ్బరినూనె వల్ల పై అడ్డకర్ర మధ్యలో నల్లని నిగారింపు వస్తుంది. చేతుల అడుగు భాగాన్ని కూడా తడిమి చూడండి, ఎందుకంటే లేచేటప్పుడు వేళ్ళు కిందికి మడిచి పట్టుకునే చోట కూడా అదే నునుపు ఉండాలి. నకిలీ చేసేవారు పైభాగాన్ని అరగదీస్తారు గాని, వేళ్ళు ఎక్కడ పడతాయో అంత దూరం ఆలోచించరు. పేము అల్లిక కొత్తదైతే అది దోషం కాదు. పేమును కాలక్రమంలో మార్చడం మామూలే.

చెక్కడపు పని ఉన్న వస్తువులో గుంటలు ముదురుగా, మిట్టలు లేతగా ఉండాలి, ఎందుకంటే గుడ్డ మిట్టలనే తుడుస్తుంది, దుమ్ము గుంటల్లోనే నిలుస్తుంది. ఈ సంగతి తెలిసిన నకిలీదారులు గుంటల్లో నల్లరంగు నింపుతారు. ఆ రంగు అన్ని గుంటల్లోనూ ఒకే మోతాదులో ఉంటుంది. నిజమైన మురికి గుడ్డ చేరని లోతుల్లో, నేలకు దగ్గరగా ఉన్న చోట్ల ఎక్కువగా, పైన, బయటకు తిరిగిన చోట్ల తక్కువగా ఉంటుంది.

వస్తువును తిరగవేయించి అడుగుభాగం చూడకుండా ఎన్నడూ ధర మాట్లాడవద్దు. పాలిష్ ఎరుగని అడుగుపలక గాలికి పొడిబారి, మట్టి గోధుమ ఛాయలో, వాసన లేకుండా ఉండాలి. అడుగున కూడా ముదురు రంగు పూసి ఉంటే ఎందుకు పూశారని అడగండి; కంటపడని చోట రంగు పూయడానికి దాచవలసినది ఏదో ఉండడమే సాధారణమైన కారణం. సొరుగును లాగి లోపల ముక్కు పెట్టి చూస్తే థిన్నరు వాసన పట్టిస్తుంది. సొరుగు జారే పట్టాలు, సొరుగు అడుగు అంచులు ఒకదానికొకటి సరిపోయేటట్లు అరిగి ఉండాలి. ప్లస్ గుర్తు తల గల స్క్రూలు 1930ల తరువాత వచ్చినవి. అవి కనిపించినంత మాత్రాన వస్తువు కొత్తదని కాదు, ఆ చోట ఆ తరువాత ఎవరో పని చేశారని అర్థం.

పాత చెక్కతో చేసిన కొత్త సామాను

మన దేశంలో పూర్తి నకిలీల కంటే ఇదే ఎక్కువ. కూల్చిన మండువా లోగిళ్ళ దూలాలు, స్తంభాలు, ద్వారబంధాలు కోసి, వాటితో బల్లలు, బీరువాలు చేస్తారు. చెక్క నిజంగా నూరేళ్ళది, వస్తువు మాత్రం నిరుటిది. అలాంటి వస్తువును అదే పేరుతో, తగిన ధరకు అమ్మితే అందులో తప్పేమీ లేదు; మంచి చేవ వృథా కాకుండా పోతుంది కూడా. పాతకాలపు బల్ల అని అమ్మినప్పుడే మోసం. దీనిని పట్టిచ్చేది రంగే. నిగ్గు చెక్క పైనే ఉంటుంది గనుక, రంపం పడిన ప్రతి చోటా అది తెగిపోతుంది. బల్ల పైపలక ముదురుగా ఉండి అంచు లేతగా ఉన్నా, అంచుకు మాత్రమే రంగు వేసినట్లున్నా అక్కడ కొత్త కోత ఉందన్నమాట. కుసి దూరడానికి తీసిన పాత తొలులను చెక్క ముక్కలతో పూడ్చిన గుర్తులు, ఏ బందుకూ ఏ గొళ్ళానికీ సంబంధం లేని రంధ్రాలు, ఒక పలక మధ్యలో మొదలై అతుకు దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయే అరుగుదల కూడా ఇదే కథ చెబుతాయి.

పుప్పి రంధ్రాలను కూడా ఇలాగే చూడాలి. పురుగు చెక్కలోంచి బయటికి వచ్చేటప్పుడు పైన గుండ్రని చిన్న రంధ్రం మాత్రమే చేస్తుంది. దాని సొరంగం లోపలే ఉంటుంది. పై ఉపరితలం మీద సొరంగాలు నిలువుగా చీల్చినట్లు, కాలువల్లాగా కనిపిస్తే, పురుగు తిన్న తరువాత ఆ చెక్కను కోశారని లేదా చిత్రిక పట్టారని తేలుతుంది. రంధ్రాల నుంచి లేతరంగు పిండి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందని గ్రహించి, ఎంత అందమైన వస్తువైనా వైద్యం జరిగే వరకు ఇంటికి తేవద్దు.

గుండ్రని బల్ల దొరికితే టేపుతో కొలవండి. చెక్క నార వెంబడి కంటే నారకు అడ్డంగా ఎక్కువ కుదించుకుపోతుంది గనుక, ఒకే దిశలో నార సాగే పలకలతో చేసిన పాత గుండ్రని బల్ల అడ్డంగా కొన్ని మిల్లీమీటర్లు తక్కువగా ఉండవచ్చు. ఇది ఒక్కటే రుజువు కాకపోయినా, రంగు చెప్పిన సాక్ష్యానికి తోడవుతుంది.

పాలిష్ ఏది, ఎప్పటిది

పాత వస్తువుల మీద సాధారణంగా లక్క పాలిష్, నూనె, మైనం ఉంటాయి. ఇటీవలి వాటి మీద మెలమైన్ లేదా పీయూ (పాలీయురెథేన్) అనే కృత్రిమ పాలిష్ ఉంటుంది. యజమాని ఒప్పుకుంటే, కంటపడని చోట స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లను మెల్లగా తిప్పి చూడవచ్చు: లక్క మెత్తబడి దూదికి అంటుతుంది, గట్టిపడిన పీయూ చలించదు. అతినీలలోహిత కిరణాల టార్చి ఉంటే చీకటి మూలలో పట్టి చూడండి. లక్క నారింజరంగులో వెలుగుతుంది. ఒక పలక అలా వెలిగి పక్కది మరో రంగులో కనిపిస్తే వాటి పాలిష్ ఒకే కాలానిది కాదు. లక్క పాలిష్ మీద వేడి గ్లాసు పెట్టిన తెల్లని వలయాలు, సన్నని నెరియలు ఉంటే వాటికి భయపడవలసిన పని లేదు. ఓర్పున్న పనివాడు పొరను తీయకుండానే వాటిని చాలావరకు తగ్గించగలడు.

ఆకుపచ్చ ఎనామిల్ రంగు కొట్టిన పాత కుర్చీలు మన ఊళ్ళలో చాలా కనిపిస్తాయి. వాటిని కాస్టిక్ సోడా తొట్టిలో ముంచి రంగు తీయించిన వస్తువును గుర్తుపట్టడం కష్టం కాదు: చెక్క జీవం లేకుండా, నారలు పైకి లేచి, అతుకులు వదులై, సందుల్లో తెల్లని పొడితో ఉంటుంది. అలాంటిదానికి నిగ్గు పేరిట ధర ఇవ్వకూడదు. రంగు ఇంకా మిగిలి ఉన్న కుర్చీయే నయం, దాని కింద పాత పొర దాగి ఉండే అవకాశమైనా ఉంది.

విశాఖపట్నం దంతపు పని

తెలుగు నేల మీద పుట్టి ప్రపంచ సేకరణలకు చేరిన కలప సామానులో విశాఖపట్నంలో చేసినదానికి సాటి లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి పనివారు రోజ్‌వుడ్, నల్లచేవ (ఎబొనీ) వంటి ముదురు చెక్కలో ఏనుగు దంతపు పలకలు పొదిగి, ఆ దంతం మీద పూలతీగలను సన్నగా చెక్కి, గీతల్లో నల్లని లక్క నింపి, ఐరోపా నమూనాలో కుర్చీలు, రాతబల్లలు, పెట్టెలు చేశారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇవి ఉన్నాయి. రంగును గురించిన పాఠం ఇక్కడ మరో మలుపు తిరుగుతుంది, ఎందుకంటే ఒకే వస్తువులోని రెండు పదార్థాలు వెలుతురుకు వేరు వేరుగా స్పందిస్తాయి. దంతం చీకట్లో పసుపెక్కుతుంది, వెలుతురులో తెల్లగానే నిలుస్తుంది. కనుక పెట్టె లోపలి దంతం బయటి దంతం కంటే పసుపుగా ఉండడం సహజమే. లోపలా బయటా ఒకే తేనీటి రంగులో ఉంటే అనుమానించాలి. అయితే ఇది చూసి ఆనందించడానికి మాత్రమే. మన దేశంలో ఏనుగు దంతపు వ్యాపారం నిషిద్ధం; 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి తరువాత చేసిన సవరణలతో ఆ నిషేధం కట్టుదిట్టమైంది. ఎంత పాతదని చెప్పినా దంతం పొదిగిన వస్తువు బేరానికి దిగకండి.

విదేశాల్లో స్థిరపడి, తాతల నాటి వస్తువును తీసుకుపోదలచినవారు మరో చట్టాన్ని గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాత్మక హస్తకృతులు పురావస్తువుల కిందికి వస్తాయి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. రోజ్‌వుడ్ వస్తువులకైతే, వన్యజాతుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం (సైటిస్) కింద ఆ జాతి చెట్లన్నిటి మీద 2017 నుంచి వర్తించే నియంత్రణలు కూడా ఉన్నాయి. ఓడకు ఎక్కించే ఆలోచన ఉంటే కొనక ముందే భారత పురావస్తు సర్వే కార్యాలయంలో విచారించాలి.

కొన్న తరువాత

వస్తువు ఇంటికి చేరిన మొదటి వారంలోనే దానికి ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే పాలిష్ పనివాడిని పిలిపించే ఉత్సాహం అప్పుడే ఉంటుంది. కొన్ని నెలలు దానిని అలాగే ఉంచి, పొడి మెత్తటి గుడ్డతో తుడవడం తప్ప మరేమీ చేయవద్దు. అవసరమనిపిస్తే తేనెమైనపు పాలిష్‌ను ఏడాదికి ఒకసారి అతి పలుచగా రాసి, బాగా రుద్ది తుడిస్తే చాలు. సిలికోన్ కలిసిన స్ప్రేలు వాడవద్దు, ఎందుకంటే అవి చెక్కలోకి దిగితే తరువాత చేసే ఏ పాలిష్ సరిగా పట్టదు. కిటికీ ఎండ నేరుగా పడే చోట, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టవద్దు.

మరమ్మతు తప్పనిసరి అయినప్పుడు, వస్తువును పనివాడికి అప్పగించే ముందు అన్ని వైపులా, అడుగున కూడా ఫోటోలు తీసి ఉంచుకోండి. అతుకులు బిగించమని, పురుగుకు మందు పెట్టమని, విరిగినదాన్ని అతికించమని చెప్పండి. కొత్తగా వేసే ముక్కకు మాత్రమే పక్క చెక్క రంగు కలపమనండి. ఉప్పుకాగితం గాని, యంత్రం గాని, కాస్టిక్ సోడా గాని పాత ఉపరితలాన్ని తాకకూడదని బేరం కుదిరే ముందే స్పష్టం చేయండి. దీనికి ఒప్పుకోని పనివాడికి వస్తువును ఇవ్వకండి. ఒప్పుకున్న పనివాడు మామూలు కంటే ఎక్కువ కూలి అడిగితే ఇవ్వండి, అతని పని నిజంగానే ఎక్కువ సమయం పడుతుంది.